ఫ్లెక్సీ నుంచి వెబ్‌సైటుకు: పనిముట్లు కొన్నే

ఎమ్మిగనూరు: ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలలో పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు తయారుచేసే యువకులకు వెబ్ డిజైన్ అందని విద్యేమీ కాదు. రంగుల పొందిక, అక్షరాల అమరిక వారికి తెలిసినవే. కొత్తగా కావలసిన పనిముట్లు కొన్నే, అవీ ఉచితమే.

కోడు రాయడానికి మైక్రోసాఫ్ట్ వారి వి.ఎస్. కోడ్, ఫొటోలు దిద్దడానికి గింప్, లోగోలు గీయడానికి ఇంక్‌స్కేప్, పేజీని పరీక్షించడానికి క్రోమ్ లేక ఫైర్‌ఫాక్స్ చాలును. మొదట నేర్వవలసినవి హెచ్.టి.ఎం.ఎల్., సి.ఎస్.ఎస్. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం నెలకొల్పిన ఎమ్మిగనూరులో చెప్పుకోవాలంటే, మొదటిది నేత, రెండవది అద్దకం.

చిక్కంతా తెలుగు అక్షరాలతోనే వస్తున్నది. అచ్చుపనికి వాడే అను ఫాంట్లలో కొట్టిన మాటరును అలాగే వెబ్ పేజీలో పెడితే, ఆ ఫాంటు లేని ఫోనులో పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. గూగుల్‌లో తెలుగులో వెదికినా ఆ పేజీ దొరకదు. కనుక మాటరును యూనికోడ్‌లో కొట్టడం తప్పనిసరి. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. మండలి, రామభద్ర, సూరన్న వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా లభిస్తున్నాయి.

ఆదోని మార్కెట్‌కు పత్తి తెచ్చే రైతు దుకాణం పేరు వెదికేది చేతిలోని ఫోనులోనే. అందుచేత పేజీని ముందుగా తక్కువ ధర ఫోనులో తెరచి చూసి, ఆ తర్వాతే యజమానికి అప్పగించడం మేలు.