రిలీజ్ కాని గేమ్‌కి ఒక్కటే కాపీ ఉంటే? పాత కన్సోల్ ప్రోటోటైప్‌ల కథ

ఈ ఎపిసోడ్‌లో షాపుల్లోకి రాకుండానే ఆగిపోయిన గేమ్స్ గురించి మాట్లాడుకుందాం. వీటిని తయారుచేశారు, కొన్నిటిని పూర్తిగా ముగించారు కూడా. కానీ రిలీజ్ చేయలేదు. చాలావాటికి మిగిలింది ఒకటో రెండో టెస్ట్ కాపీలే. వాటినే ప్రోటోటైప్‌లు అంటారు. అవి ఎందుకు పాడైపోతున్నాయి, వాటిని ఎలా కాపాడుతున్నారు, అసలు ఇందులో గొడవ ఏంటి? ఇదీ ఇవాళ్టి టాపిక్.

ముందు కొంచెం బేసిక్స్. 2000ల్లో మన ఇళ్లలో టీవీకి తగిలించి మారియో, కాంట్రా ఆడుకున్న వీడియో గేమ్ గుర్తుందా? మీకు గుర్తు లేకపోతే ఇంట్లో అన్నయ్యనో అక్కనో అడగండి. కాసెట్ మీద 9999 ఇన్ 1 అని ఉంటుంది, పెట్టి చూస్తే అవే నాలుగు గేమ్స్ పేర్లు మార్చుకుని తిరిగి తిరిగి వస్తుంటాయి. ఆ మెషీన్ 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో ఫామికామ్‌కి నకలు. అదే ఫామికామ్‌ని రూపం మార్చి 1985 నుంచి అమెరికాలో ఎన్ఈఎస్ అనే పేరుతో అమ్మారు. ఈరోజు చెప్పే కథల్లో ఎక్కువ భాగం ఈ ఎన్ఈఎస్ చుట్టూనే తిరుగుతాయి.

ప్రోటోటైప్ లోపల ఏముంటుంది?

షాపులో అమ్మిన కాసెట్‌లో ఉండే చిప్‌కి డేటాని ఫ్యాక్టరీలోనే అచ్చు వేసేస్తారు. దాన్ని మార్చలేం, అంత తేలిగ్గా పోదు కూడా. కానీ గేమ్ ఇంకా తయారవుతున్నప్పుడు వారానికో వెర్షన్ మారుతుంది కదా. ప్రతిసారీ ఫ్యాక్టరీకి పంపలేరు. అందుకని ఈప్రామ్ అనే చిప్ వాడేవారు. దీన్ని ఆఫీసులోనే రాసుకోవచ్చు, చెరిపేసి మళ్లీ రాసుకోవచ్చు. పైన చిన్న గాజు కిటికీ ఉంటుంది. అందులోంచి అల్ట్రావయొలెట్ లైట్ పంపితే డేటా మొత్తం చెరిగిపోతుంది.

ఇది ఎలా పనిచేస్తుందో సింపుల్‌గా చెప్తా. చిప్‌లో ప్రతి బిట్‌కీ ఒక చిన్న గది ఉంటుంది. ఆ గదిలో ఎలక్ట్రాన్లు ఉంటే 0, లేకపోతే 1. గది చుట్టూ గోడ ఉంటుంది కానీ, అది మట్టికుండ లాంటిది. కుండలో నీళ్లు పోసి ఎన్నేళ్లు ఉంచగలం? చెమరుస్తూనే ఉంటుంది. అలాగే ఎలక్ట్రాన్లు కూడా ఏళ్ల తరబడి మెల్లగా లీక్ అవుతాయి. ఒక్క బిట్ తారుమారైతే చాలు, ఎక్కడో ఒక బొమ్మ చెదరొచ్చు, లేదా గేమ్ స్టార్టే కాకపోవచ్చు.

గాజు కిటికీ మీద స్టిక్కర్ లేకపోతే ఇంకా ప్రమాదం. ఈప్రామ్ డేటాషీట్లు చూస్తే, నేరుగా ఎండ తగిలితే దాదాపు వారంలో, గదిలోని ట్యూబ్‌లైట్ వెలుతురుకే అయితే సుమారు 3 ఏళ్లలో డేటా చెరిగిపోవచ్చని హెచ్చరిక ఉంటుంది. అందుకే డెవలపర్లు స్టిక్కర్ అంటించి, దాని మీదే పెన్నుతో గేమ్ పేరు, తేదీ, వెర్షన్ రాసేవారు. అంటే ఆ స్టిక్కర్ ఒకేసారి రెండు పనులు చేస్తోంది. డేటాకి గొడుగు పడుతోంది, అదే ఆ గేమ్‌కి బర్త్ సర్టిఫికెట్ కూడా. తెలియనివాళ్లు క్లీన్ చేద్దామని దాన్ని పీకేస్తే రెండూ పోతాయి.

ఇంకో విషయం చూడండి. సూపర్ మారియో బ్రదర్స్ గేమ్ మొత్తం 40 కేబీ. మీరు పొద్దున వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగ్ ఫోటో కూడా దానికంటే పెద్దదే. ఎన్ఈఎస్ గేమ్స్ చాలావరకు 1 ఎంబీ లోపే. దాచుకోవడానికి చోటు సమస్య అసలు లేదు. టైమ్‌కి కాపీ తీసే మనిషి దొరకడమే సమస్య.

25 ఏళ్లు ఆగిన గేమ్

ఒక అసలు కేస్ చూద్దాం. 1989లో జపాన్‌లో ఫామికామ్‌కి మదర్ అనే గేమ్ వచ్చింది. దాన్ని రాసింది షిగెసాటో ఇటోయ్, అక్కడ యాడ్స్‌కి మాటలు రాయడంలో బాగా పేరున్న వ్యక్తి. కథలో రాక్షసులు, రాజకుమార్తెల బదులు మామూలు అమెరికన్ ఊరు, బేస్‌బాల్ బ్యాట్ పట్టుకున్న కుర్రాడు. 1990 నాటికి నింటెండో దీని ఇంగ్లీష్ వెర్షన్ రెడీ చేసింది. అనువాదం ఒక్కటే కాదు. రక్తం, సిగరెట్ కనిపించే బొమ్మలు మార్చారు, పరిగెత్తడానికి ఒక బటన్ ఇచ్చారు, క్లైమాక్స్ పెంచారు. ఈలోగా కొత్త కన్సోల్ సూపర్ నింటెండో వచ్చే టైమ్ అయింది. గేమ్‌ని పక్కన పెట్టేశారు.

1998లో ఆ ఇంగ్లీష్ ప్రోటోటైప్ కాసెట్ ఒకటి కలెక్టర్ల చేతికి చిక్కింది. కొంతమంది ఫ్యాన్స్ డబ్బులు పోగుచేసి, దాని యజమానిని ఒప్పించి, డేటా కాపీ తీయించారు. దీన్నే డంప్ చేయడం అంటారు. ఎర్త్‌బౌండ్ జీరో అనే పేరుతో అది ఇంటర్నెట్‌లోకి వచ్చింది.

వెంటనే డౌట్లు మొదలయ్యాయి. ఇది నిజంగా నింటెండో చేసిందేనా, లేక ఎవరో ఫ్యాన్ అనువాదం చేసి మోసం చేస్తున్నాడా? 2003లో జపాన్‌లో మదర్ 1+2 రిలీజ్ అయింది. అందులో పరుగు బటన్ ఉంది, పెంచిన క్లైమాక్స్ ఉంది. అంటే 5 ఏళ్ల ముందే ఆ ప్రోటోటైప్‌లో కనిపించిన మార్పులు! బయటివాడు వాటిని ఊహించి పెట్టలేడు కదా. చివరికి 2015 జూన్‌లో నింటెండోనే ఎర్త్‌బౌండ్ బిగినింగ్స్ పేరుతో ఆ ఇంగ్లీష్ గేమ్‌ని వీ యూ కన్సోల్‌లో అధికారికంగా ఇచ్చింది. రెడీ అయిన గేమ్ జనం చేతికి సక్రమంగా రావడానికి 25 ఏళ్లు పట్టింది.

కాపీ తీస్తే సరిపోదు, రికార్డ్ రాయాలి

ఇక్కడే డాక్యుమెంటేషన్ విలువ తెలుస్తుంది. బయో ఫోర్స్ ఏప్ అని ఇంకో ఎన్ఈఎస్ గేమ్ ఉంది, సెటా కంపెనీది. కోతి హీరో, రెజ్లింగ్ ఫైట్లు. రిలీజ్ కాలేదు. 2005లో ఒకతను నా దగ్గర ఉందంటూ ఆన్‌లైన్‌లో స్క్రీన్‌షాట్లు పెట్టాడు. అందరూ ఎగిరి గంతేశారు. తీరా చూస్తే అంతా ఫేక్. అసలైన ప్రోటోటైప్ 2010లో జపాన్‌లో ఒక ఆన్‌లైన్ వేలంలో దొరికింది. కొన్నవాళ్లు దాన్ని డంప్ చేసి అందరికీ ఇచ్చారు.

మరి సరిగ్గా చేసేవాళ్లు ఏం చేస్తారంటే, ముందు ఫోటోలు తీస్తారు. కాసెట్ రెండు వైపులా, లోపల బోర్డు, ప్రతి చిప్, ప్రతి స్టిక్కర్ మీది చేతిరాత, అన్నీ. తర్వాత డంప్, అదీ ఒక్కసారి కాదు. మళ్లీ మళ్లీ రీడ్ చేసి ప్రతి ఫైల్‌కీ హ్యాష్ తీస్తారు. హ్యాష్ అంటే ఫైల్‌కి వేలిముద్ర లాంటిది, బీటెక్‌లో మనం చదివి మర్చిపోయేది ఇక్కడ పనికొస్తుంది. అన్ని వేలిముద్రలూ ఒకటే అయితే డంప్ నమ్మొచ్చు. తేడా వచ్చిందంటే ఏదో బిట్ ఊగిసలాడుతోందన్నమాట. అప్పుడు వోల్టేజ్ కొంచెం అటూ ఇటూ మార్చి మళ్లీ చదువుతారు.

చివరిది ముఖ్యమైనది: ఇది ఎవరి చేతుల మీదుగా వచ్చింది? డెవలపర్ దగ్గరి నుంచా, ఆడి రివ్యూ రాయమని పంపిన మ్యాగజైన్ ఆఫీసు నుంచా, మూతపడ్డ కంపెనీ సామాన్ల నుంచా? అది రాయకపోతే, పదేళ్ల తర్వాత అది అసలుదో నకలో తేల్చడం చాలా కష్టం.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసినప్పుడు ప్రతి మార్పూ గిట్‌లో ఉండేది. ఎవరు, ఎప్పుడు, ఏ లైన్ మార్చారో క్లిక్ చేస్తే కనిపిస్తుంది. ఈ పాత గేమ్స్‌కి బయటివాళ్ల చేతికొచ్చే హిస్టరీ అంటే ఈ ప్రోటోటైప్‌లే. రిలీజ్ అయిన గేమ్స్ విషయంలోనూ అంతే. సోనిక్ 2 తయారీలో తీసేసిన హిడెన్ ప్యాలెస్ అనే లెవెల్ ఒక ప్రోటోటైప్ ద్వారానే బయటపడింది. ఆ పేరే పెట్టుకున్న హిడెన్ ప్యాలెస్ బృందం 2021 మార్చిలో ఒకేసారి 700కు పైగా ప్లేస్టేషన్ 2 ప్రోటోటైప్‌లను విడుదల చేసింది.

మరి గొడవ ఎక్కడ?

డబ్బు దగ్గర. ఒక కలెక్టర్ వేల డాలర్లు పెట్టి కొన్నాడు అనుకోండి. డంప్ చేసి అందరికీ ఇస్తే, నా కాసెట్‌కి ఇంకేం విలువ ఉంటుంది అని భయం. ఆ భయం అర్థం లేనిదేం కాదు, అది అతని కష్టార్జితం. కానీ బీరువాలో పెట్టి తాళం వేసినా, లోపల ఆ కుండ చెమరుస్తూనే ఉంటుంది. ఆలస్యం చేస్తే చివరికి మిగిలేది ఖరీదైన ఖాళీ చిప్.

కాసెట్ కొంటే గేమ్ మీద హక్కులు రావు, అది కూడా గుర్తుపెట్టుకోండి. కాపీరైట్ కంపెనీదే. కాబట్టి అందరికీ పంచడం చట్టపరంగా చిక్కే. మరి కంపెనీలే కాపాడొచ్చు కదా అంటారా? కొన్నిసార్లు కాపాడతాయి. 1990ల మధ్యలో పూర్తయ్యి ఆగిపోయిన స్టార్ ఫాక్స్ 2ని నింటెండో 2017లో తన ఎస్ఎన్ఈఎస్ క్లాసిక్ మెషీన్‌లో ఇచ్చింది. కానీ ఇలాంటివి అరుదు. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఉంది. 2023లో వాళ్ల స్టడీ చెప్పింది ఏంటంటే, అమెరికాలో రిలీజ్ అయిన క్లాసిక్ గేమ్స్‌లోనే 87 శాతం ఇప్పుడు మార్కెట్‌లో కొనడానికి దొరకవు. రిలీజ్ అయినవాటికే ఈ గతి పడితే, కానివాటిని ఎవరు పట్టించుకుంటారు?

అదే సంస్థ ఒక మంచి దారి చూపించింది. సిమ్‌సిటీకి ఎన్ఈఎస్ వెర్షన్‌ని 1991 జనవరిలో ఒక ఎగ్జిబిషన్‌లో చూపించి ఆపేశారు. 2017లో దాని ప్రోటోటైప్‌లు 2 బయటపడ్డాయి. డంప్ తీశారు, గేమ్‌లో ఏం పూర్తయింది, ఏం కాలేదు, సూపర్ నింటెండో వెర్షన్‌కీ దీనికీ తేడా ఏంటి అని వివరంగా రాసి, 2018 డిసెంబర్‌లో అందరి ముందూ పెట్టారు. కాసెట్‌లు మాత్రం సొంతదారుల దగ్గరే ఉన్నాయి. నా ఒపీనియన్ కూడా ఇదే: వస్తువు నీ దగ్గరే ఉంచుకో, డేటా మాత్రం చావనివ్వకు.

ఇదంతా అమెరికా, జపాన్ గోల, మనకెందుకు అనుకోకండి. 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పుడు 32 బిట్ యాప్స్ పనిచేయడం మానేశాయి. అప్‌డేట్ చేయని గేమ్స్ అన్నీ ఆ ఫోన్లలో ఒక్క దెబ్బకి పోయాయి. ఫోన్ గేమ్‌కి కాసెట్ లేదు, స్టిక్కర్ లేదు. ఎక్కడో మూల దొరకడానికి చిప్ కూడా లేదు. మీలో ఎవరైనా కాలేజీలో, గేమ్ జామ్‌లో చిన్న గేమ్ చేసి సగంలో వదిలేసి ఉంటే, ఈ వారం ఒక పని చేయండి. ఏపీకే, సోర్స్ కోడ్, 4 స్క్రీన్‌షాట్లు, ఎవరెవరు చేశారో ఒక టెక్స్ట్ ఫైల్, వీటన్నిటినీ ఒక ఫోల్డర్‌లో పెట్టి రెండు చోట్ల దాచండి. తేదీ వేయడం మర్చిపోవద్దు.

అలాంటి గేమ్ మీ దగ్గరుంటే పేరు కామెంట్స్‌లో రాయండి, నేను చదువుతా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. బై.