ఊడ దిగితేనే మర్రికి ఊపిరి
పిల్లలమర్రి నేర్పుతున్న పర్యావరణ పాఠం

మహబూబ్‌నగర్: మొక్కలకు కదలిక లేదనీ, చుట్టూ జరిగేది వాటికి తెలియదనీ చాలామంది భావిస్తారు. మహబూబ్‌నగర్ శివారులోని పిల్లలమర్రిని పరిశీలిస్తే అది సరికాదని తెలుస్తుంది. సుమారు 700 ఏళ్ల నాటిదని చెప్పే ఈ వృక్షం దాదాపు మూడెకరాల్లో విస్తరించింది. వెలుతురు, భూమ్యాకర్షణ, తేమలకు స్పందిస్తూనే ఇంతగా పెరిగింది.

స్పందన ఇలా..
కొమ్మలు వెలుతురు వైపు సాగడాన్ని కాంతి అనువర్తనం అంటారు. ఊడలు నేల వైపు దిగడం గురుత్వానువర్తనం. వేరు కొనలోని కణాల్లో బరువైన పిండి రేణువులు అడుగుకు చేరి, కింది దిక్కు ఏదో తెలుపుతాయి. వేరు పక్కకు వాలితే ఆక్సిన్ అనే హార్మోను కింది వైపు చేరి అక్కడి పెరుగుదలను తగ్గిస్తుంది. పైభాగం త్వరగా పెరగడంతో కొన మళ్లీ నేలకేసి వంగుతుంది. మట్టిలో నాటుకున్న ఊడ క్రమంగా స్తంభంలా మారి కొమ్మను మోస్తుంది, దానికి నీటిని, లవణాలను అందిస్తుంది.

మనిషి అడ్డుపడితే..
ఊడలు పట్టుకుని ఊగితే లేత కొనలు తెగిపోతాయి. జనం తొక్కిడికి నేల గట్టిపడితే నీరు ఇంకదు, వేళ్లకు గాలి అందదు. సిమెంటు పరిచిన చోట ఊడ నాటుకోలేదు. ఆధారం లేని కొమ్మ ఏటేటా బరువెక్కుతుంది. దానికి చెదలు తోడైతే విరగక తప్పదు. 2017 డిసెంబరులో పిల్లలమర్రి భారీ కొమ్మ ఒకటి కూలింది. అధికారులు సందర్శకులను నిలిపివేశారు.

సెలైన్ చికిత్స
తొలుత కాండానికి రంధ్రాలు చేసి మందు పంపగా బయటకు కారిపోయింది. దీంతో 2018లో క్లోరిపైరిఫాస్ మందును నీటిలో కలిపి, సెలైన్ సీసాలతో చుక్కచుక్కగా ఎక్కించారు. బరువైన కొమ్మలకు సిమెంటు స్తంభాలు కట్టారు. లేత ఊడలను గొట్టాల గుండా నేలకు దించారు. గొట్టం దారి మాత్రమే చూపుతుంది, దిగే పని ఊడదే. చెట్టు స్వభావాన్ని అనుసరించి చేసిన వైద్యమిది. కోలుకున్న ఈ మర్రిని 2025 మేలో ప్రపంచ సుందరి పోటీదారులు సైతం సందర్శించారు.

పల్లె మర్రికీ ఇదే సూత్రం
మర్రి పండ్లు పక్షులకు, గబ్బిలాలకు ఆహారం. ఆ పండులో గింజ కట్టాలంటే దాని లోపలి పూలకు పుప్పొడి చేర్చే చిన్న కందిరీగ ఉండాలి. చెట్టు కూలితే ఈ గొలుసంతా తెగుతుంది. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో రచ్చబండ కట్టేవారు మొదలు చుట్టూ మట్టిని వదలాలి. ఊడలు నరకరాదు, చెట్టు కింద చెత్త కాల్చరాదు. ఖర్చు లేని ఈ జాగ్రత్తలు పాటిస్తే, సెలైన్ సీసాల అవసరం రాకుండా చూసుకోవచ్చు.