చిట్కుల్ పేరునకు బైట్లెన్ని?

పటాన్‌చెరు మండలములోని చిట్కుల్ గ్రామము పేరును ఒక ఫైలుకు పెట్టినామనుకొందము. కంటికి కనబడునవి మూడక్షరములే. యూనికోడు లెక్కలోనో, చ, గుడి, ట, పొల్లు, క, కొమ్ము, ల, మరల పొల్లు: వెరసి ఎనిమిది సంకేతములు.

విండోసు వాడు ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫైలు పేరునకు 255 స్థానములు కలవు. తెలుగు సంకేతమునకు ఒక్క స్థానము చాలును. లినక్సునందలి ఈఎక్స్‌టీ4 పద్ధతిలో హద్దు 255 బైట్లు. అచట సాధారణముగ వాడు యూటీఎఫ్-8లో తెలుగు సంకేతమునకు మూడేసి బైట్లు పట్టును, చిట్కుల్‌కు 24. ఇంగ్లీషు అక్షరమునకు ఒక్కటే! కావున 85 సంకేతములు మించిన తెలుగు పేరు లినక్సులో చెల్లదు. విండోసులో చక్కగా నిలిచిన వంద సంకేతముల పాఠము పేరు, లినక్సుకు నకలు తీయబోగా తిరస్కరింపబడును. దోషము పాఠములో లేదు, పేరు పొడవులో ఉన్నది.

ప్రోగ్రాము వ్రాయువారు అక్షరములను గాక బైట్లను కొలువవలెను. పేరు కుదించునపుడు అక్షరము నడుమ తెగరాదు. తుది మూడు బైట్లు పోయినచో చిట్కుల్ కాస్తా ‘చిట్కుల’ అగును.

మరియొక చిక్కు. పటాన్‌చెరులో న-కారపు పొల్లు నిలుచుటకు దాని వెనుక కంటికి కనబడని సంకేతమొకటి ఉండును. అదియే చిట్కుల్ చివర చేరినచో చూపునకు భేదము లేదు. యంత్రమునకు మాత్రము అది తొమ్మిదవ సంకేతము, వేరొక ఫైలు.