టోపీ వాళ్లది... గుండె మనది!

గుర్రపు డెక్కల చప్పుడు, కళ్ల మీదికి వంచిన టోపీ, నడుముకు వేలాడే రివాల్వర్... కౌబాయ్ సినిమా అనగానే కళ్లముందు మెదిలేది ఇదే. కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి వెళ్లేటప్పుడు ఆ రాళ్లగుట్టల్ని చూస్తే, పాత సినిమా అభిమానికి ఏ మలుపులోనో ఓ గుర్రం కనిపిస్తుందేమో అనిపించకమానదు!

నిజానికి కౌబాయ్ కథకు అమెరికాయే కావాలని లేదు. జపాన్ దర్శకుడు కురొసావా 1961లో తీసిన 'యోజింబో' కథే ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనీ చేతిలో 1964లో 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్' అయింది. షూటింగేమో స్పెయిన్‌లో! అలా మొదలైన వరసలో మూడోది, 1966 నాటి 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ'. క్లింట్ ఈస్ట్‌వుడ్ మౌనం, ఎన్నియో మోరికోన్ సంగీతం ప్రపంచాన్ని ఊపేశాయి.

మరి మనకెలా వచ్చాడు?

ఆ గుర్రాన్ని తెలుగునేల మీదికి తోలుకొచ్చింది సూపర్‌స్టార్ కృష్ణ. సొంత సంస్థ పద్మాలయా పతాకంపై, కె.ఎస్.ఆర్.దాస్ దర్శకత్వంలో 1971 ఆగస్టు 27న 'మోసగాళ్లకు మోసగాడు' విడుదలైంది. రాజస్థాన్ ఎడారిలో తీశారు. వి.ఎస్.ఆర్.స్వామి కెమెరా, ఆదినారాయణరావు సంగీతం. 'ట్రెజర్ హంట్' పేరుతో ఇంగ్లిషులోకీ వెళ్లింది.

అయితే అసలు కిటుకంతా రచయిత ఆరుద్రది. టోపీ, తుపాకీ అరువు తెచ్చుకున్నా కథను మాత్రం అమరవీడు సంస్థానం నిధి చుట్టూ తిప్పారాయన. సంస్థానాలంటే మనవాళ్లకు కొత్తేముంది? కామారెడ్డి పక్కనే దోమకొండ సంస్థానం కోట ఉంది. 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో గుర్తింపు పొందిన కోట అది! దొరల కోటలు, దాచిన సొమ్ము, దానికోసం పన్నాగాలు... ఇవన్నీ తాతల కబుర్లలో విన్నవే. నాగభూషణం వేసిన 'నక్కజిత్తుల నాగన్న' కూడా అంతే. లియోనీ సినిమాలోని టుకోను గుర్తుచేస్తాడు. నోరు విప్పితే మాత్రం అచ్చంగా మనూరి టక్కరే.

ఆ తర్వాత 1990లో చిరంజీవి 'కొదమసింహం'గా గుర్రమెక్కారు. 2002లో మహేశ్‌బాబు 'టక్కరి దొంగ' కోసం ఏకంగా అమెరికాకే వెళ్లారు. హంగుకు లోటు లేదు. కానీ అంచనాలను అందుకోలేకపోయింది. అసలైన కౌబాయ్ నేల మీద తీసిన సినిమా కంటే, రాజస్థాన్ ఇసుకలో సంస్థానం కథ చెప్పిన సినిమానే జనం ఎక్కువగా గుర్తుపెట్టుకున్నారు.

ఎందుకంటే ఈ కథల బలం తుపాకీలో లేదు. 1952 నాటి 'హై నూన్' చూడండి. పగతో వస్తున్న దుండగులను ఎదిరించడానికి గ్యారీ కూపర్ ఊరంతా తిరిగి సాయం అడుగుతాడు. ఒక్కరూ కదలరు. చివరికి ఒంటరిగానే వీధిలోకి దిగుతాడు. అన్యాయం ఎదురైనప్పుడు ఊరు తలుపులు వేసుకోవడం, ఒక్కడు నిలబడటం... ఇది ఏ ఊళ్లో జరగని కథ?

కృష్ణ 2022 నవంబరు 15న కన్నుమూశారు. మరుసటి ఏడాది మే 31న, ఆయన పుట్టినరోజున, 'మోసగాళ్లకు మోసగాడు' కొత్త మెరుగులతో మళ్లీ థియేటర్లకు వచ్చింది. అర్ధ శతాబ్దం దాటినా ఆ గుర్రం అలసిపోలేదు. ఈ ఆదివారం వీలుంటే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. టోపీ ఎక్కడిదని వాళ్లు అడిగితే అమెరికాదని చెప్పండి. కథ ఎక్కడిదని అడిగితే మాత్రం... దోమకొండ కోట చూపించండి!