ప్రాణమున్నదేది? : అపోహలు – వాస్తవాలు

అపోహ: కదిలేది, పెరిగేది ప్రాణి, కదలనిది జడం.

వాస్తవం: సింగపూర్ వాణిజ్య కేంద్రమైన రాఫెల్స్ ప్లేస్‌లో మెట్రో స్టేషన్ ఎస్కలేటర్లు పొద్దస్తమానం కదులుతూనే ఉంటాయి కానీ వాటికి ప్రాణం లేదు, అక్కడికి దగ్గరలోనే 51 అంతస్తులతో, 280 మీటర్ల ఎత్తున నిలిచిన క్యాపిటాస్ప్రింగ్ భవనంలో పెంచుతున్న దాదాపు 80,000 మొక్కలు ఉన్నచోటు వదలకపోయినా సజీవాలే. ఉప్పు స్ఫటికం సైతం పెరుగుతుంది. అయితే ఆ పెరుగుదల పైపైన పొరలు చేరడమే తప్ప, బయటి పదార్థాన్ని లోనికి తీసుకుని, దాన్ని తన శరీర ద్రవ్యంగా మార్చుకుని, కణాలు విభజన చెందగా సాగేది కాదు. ప్రాణిలో ఎడతెగక జరిగే ఈ రసాయనిక మార్పులన్నింటినీ కలిపి జీవక్రియ అంటారు. అందులో దాదాపు ప్రతి పనికీ శక్తిని చేరవేసే అణువు ఏటీపీ. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో దాన్ని గుర్తించగా, జర్మనీలో కార్ల్ లోమన్ అదే ఏడాది విడిగా గుర్తించారు. ప్రాణాన్ని గురించి మాట్లాడే ప్రతి తెలుగు పాఠ్యపుస్తకంలోనూ సుబ్బారావు పేరు ఉండవలసిందే.

అపోహ: మొక్కలు రాత్రిపూట మాత్రమే ఆక్సిజన్ పీలుస్తాయి.

వాస్తవం: వాటి శ్వాసక్రియ పగలు కూడా ఆగదు, కిరణజన్య సంయోగక్రియ వల్ల వెలువడే ఆక్సిజన్ అప్పుడు ఎక్కువ కావడంతో ఆ సంగతి బయటపడదు.

అపోహ: ప్రతి మొక్కా తన ఆహారాన్ని తానే తయారుచేసుకుంటుంది.

వాస్తవం: పైన చెప్పిన రాఫెల్స్ ప్లేస్ కూడలికి 1858లో ఎవరి పేరు పెట్టారో, ఆ బ్రిటిష్ అధికారి స్టాంఫర్డ్ రాఫెల్స్ పేరుతోనే ఉన్న రఫ్లీషియా మొక్క ఈ మాటను కాదంటుంది. 1818లో సుమత్రా అడవిలో రాఫెల్స్ వెంట వెళ్లిన వైద్యుడు జోసెఫ్ ఆర్నాల్డ్ పరిశీలించిన రఫ్లీషియా ఆర్నాల్డీకి ఆకులు లేవు, కాండం లేదు, పత్రహరితమూ లేదు. టెట్రాస్టిగ్మా అనే అడవి తీగ లోపల సన్నని పోగులుగా వ్యాపించి, ఆ తీగ ఆహారాన్నే పీల్చుకుని, చివరకు దాదాపు మీటరు వెడల్పున, కుళ్లిన మాంసపు కంపుతో ఒకే పువ్వుగా బయటపడి ఈగలను రప్పించుకుంటుంది. ఆహారం పరాయిదే అయినా దాన్ని వాడుకునే కణాలు, జీవక్రియ దాని సొంతం కనుక అది నిస్సందేహంగా ప్రాణే.

అపోహ: వైరస్ కూడా బ్యాక్టీరియా వంటి ప్రాణే.

వాస్తవం: బ్యాక్టీరియా ఒక పూర్తి కణం. వైరస్‌కు కణం లేదు, సొంత జీవక్రియ లేదు; మరో ప్రాణి కణంలో చేరి, ఆ కణపు శక్తితోనే తన ప్రతులను చేయించుకుంటుంది. పొగాకు ఆకులకు తెగులు తెచ్చే వైరస్‌ను వెండెల్ స్టాన్లీ 1935లో స్ఫటికాలుగా వేరుచేసినా దాని సోకే గుణం పోలేదు. ఆ కృషికి 1946లో ఆయన పంచుకున్న నోబెల్ బహుమతి రసాయన శాస్త్రంలోనిది.