జంతికల గొట్టం చెప్పిన పాఠం

మా పుట్టిల్లు హుమ్మలో ఉంది. బరంపురంలో కలకత్తా వైపు వెళ్ళే రైలెక్కితే ఛత్రపురం, గంజాం దాటాక మా ఊరొస్తుంది. ఆ తర్వాత రంభ, చిలకసరస్సు. ఉప్పు మళ్ళ ఊరంటే గంజాం జిల్లాలో ఎవరైనా గుర్తుపడతారు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో ఈ జిల్లా వాళ్ళు చట్టాన్ని ధిక్కరించిన చోట్లలో హుమ్మ ఒకటి. అప్పటికి గంజాం మద్రాసు రాజధానిలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు అటు చేరింది. హద్దు జరిగింది గాని మనుషులు జరగలేదు. మా అమ్మలాంటి వాళ్ళు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడుకుంటూ ఉన్నచోటే ఉండిపోయారు.

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, ఉప్పు ఊళ్ళో ఇల్లు నిలబెట్టుకోవడం ఎంత కష్టమో తెలియడానికి. ఆ కష్టంలో నాకు పరిచయమైన ఒక చిన్న పనిముట్టు గురించే ఈ వ్యాసం. గోడల సందుల్లోకి, కిటికీ అంచుల్లోకి, టైల్స్ మధ్యకి మెత్తని ముద్దను వత్తి పెట్టే చేతి సాధనం అది. హార్డ్‌వేర్ షాపుల్లో "సిలికాన్ గన్ను" అంటారు. పేరు విని భయపడకండి. మన వంటింట్లో దాని అక్కయ్య ఎప్పటినుంచో ఉంది.

తుపాను మిగిల్చిన చెమ్మ

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. మా ఇంటి పైకప్పు నిలిచింది గాని, కిటికీల చుట్టూ ఉన్న సందుల్లోంచి వాననీరు లోపలికొచ్చింది. స్నానాలగది టైల్స్ మధ్య సిమెంటు అంతకుముందే రాలిపోయి ఉంది. ఆ గోడకి అవతలివైపు అమ్మ దేవుడి గది. దీపావళికి వెళ్ళి చూస్తే నాన్నగారి ఫోటో వెనక గోడంతా నల్లటి బూజు.

బెంగుళూరులో ఉన్న తమ్ముడు ఫోనులో ఒకే మాటన్నాడు. "అక్కా, అమ్మని తీసుకొచ్చేస్తాను. ఇల్లు అమ్మేద్దాం. ఆ చెమ్మలో పడుకుంటే ఆవిడ ఆయాసం ఎక్కువవుతుంది." వాడిదీ తప్పు కాదు. అమ్మ మాత్రం, "గోడ తడిసిందని ఇల్లు అమ్ముకుంటే, హుమ్మలో ఒక్క ఇల్లూ మిగలదు. ఆ గోడ ఆరదని తేలితే అప్పుడు నేనే బయల్దేరతాను" అంది. అంటే అమ్మ హుమ్మలో ఉండడం, ఉండకపోవడం ఒక గోడ మీదికొచ్చింది.

నేను బరంపురంలో ఒక గన్ను, రెండు సిలికాన్ ట్యూబులు కొన్నాను. సన్నటి ఇనుప చట్రం, మధ్యలో ఒక కడ్డీ, చేతికింద మీట. ట్యూబుని చట్రంలో పెట్టి మీట నొక్కితే కడ్డీ ముందుకు జరిగి, ట్యూబు అడుగున ఉన్న మూతను తోస్తుంది. ముక్కులోంచి ముద్ద తీగలా వస్తుంది. నాకు ఎంత ఉత్సాహం వచ్చిందంటే, ఒక్క పూటలో కిటికీలూ, స్నానాలగదీ, ఆఖరికి గోడ అడుగున పొడి రాలుతున్న చోట్లూ అన్నీ నింపేశాను. ఇల్లంతా సిరకా వాసన. పెద్ద ఘనకార్యం చేశాననుకున్నాను.

2014లో తొలకరి పడగానే నా సిలికాన్ అరటితొక్కలా ఊడి చేతికొచ్చింది. కిటికీ ఊచలు దాని కిందే తుప్పు పట్టాయి. తమ్ముడు ఏమీ అనలేదు. బెంగుళూరు టిక్కెట్ల సంగతి మాత్రం అడిగాడు.

మేస్త్రీ గారి నాడి పరీక్ష

మా వీధిలోనే ఒక పెద్ద మేస్త్రీ ఉండేవారు. గానుగ సున్నం రోజుల నుంచి పని చేసినవారు. ఆయన గోడంతా అరచేత్తో తడిమి, "అమ్మా, నువ్వు మూడు జబ్బులకి ఒకే మందు వేశావు" అన్నారు.

మొదటిది కిటికీ. చెక్క ఎండకి కుంచించుకుపోతుంది, వానకి ఉబ్బుతుంది. గోడ కదలదు. ఆ రెండింటి మధ్య సందు ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. అక్కడ సాగే పదార్థం కావాలి. సిమెంటు పెడితే పగులుతుంది. సిలికాన్ మంచిదే గాని నేను కొన్నది సిరకా వాసన వచ్చే రకం. అది గాజుకి బాగా పట్టుకుంటుంది, సిమెంటుకి సరిగా పట్టదు, ఆరేటప్పుడు వచ్చే ఆమ్లంవల్ల ఇనుముకి తుప్పు తెస్తుంది. సిమెంటు, రాయి ఉన్నచోట "న్యూట్రల్" అని రాసి ఉన్న రకం వాడాలి. పైగా నేను తడి గోడమీద, పాత సున్నం పొడిమీద రాశాను. దుమ్ముమీద అతికించిన స్టాంపు ఎన్నాళ్ళుంటుంది?

రెండోది స్నానాలగది టైల్స్. అవి కదలవు. వాటి మధ్య సందులకి సిమెంటు గ్రౌటు చాలు. కాని టైల్స్ గోడ నేలని కలిసే మూల మాత్రం కొద్దిగా కదులుతుంది. అక్కడ మళ్ళీ సాగే పదార్థమే.

మూడోది గోడ అడుగు. ఇది అసలు కారడమే కాదు. ఉప్పు నేలలోంచి ఇటుకల్లోకి చెమ్మతోబాటు ఉప్పు ఎక్కుతుంది. నీరు ఆరిపోయి ఉప్పు గోడపైన తెల్లగా పూస్తుంది, పూత పొడిగా రాలుతుంది. ఉప్పు గాలిలో తేమను కూడా పీల్చుకుంటుంది. వర్షాకాలంలో ఉప్పు జాడీ చెమర్చినట్టే గోడా చెమరుస్తుంది. దానికి పైన మూత వేస్తే చెమ్మ మరింత పైకెక్కుతుంది. ఆ సిమెంటు పూత గీకేసి, ఇటుక ఆరనిచ్చి, సున్నపు పూత వేసి గోడకి గాలాడనివ్వాలి. అప్పుడప్పుడు తెల్లపొడి దులుపుకోవాలి. అంతకుమించిన మందు లేదన్నారు.

"మరి ఇప్పుడే చేసేద్దామా?" అన్నాను. "గోడ ఆరాలి తల్లీ. మాఘమాసం దాకా ఆగు" అన్నారు. ఆ ఏడు నెలలూ తమ్ముడికి జవాబు చెప్పుకునే భారం నామీద పడింది.

కదిలే సందు, కదలని సందు అన్న మాట వినగానే నాకు ఋషికుల్య మొగ దగ్గర చిన్నప్పుడు చూసిన పడవలు గుర్తొచ్చాయి. మన తెలుగు బెస్తవారు, ఒడియావాళ్ళు నోలియాలనేవారు, ఆ పడవల పలకలకి మేకులు కొట్టేవారు కాదు. పలకల అంచుల్లో రంధ్రాలు చేసి, సందుమీద గడ్డి పేనిన తాడు పరిచి, కొబ్బరి తాడుతో బిగించి కుట్టేవారు. కెరటం ఎత్తి ఇసుకమీద పడేసినప్పుడు పడవ ఒళ్ళు వంచుతుంది, కుట్టూ దానితోబాటు వంగుతుంది. మేకు కొట్టి బిగిస్తే పలక చీలిపోయేది. ఇప్పుడు ఫైబరు పడవలొచ్చాయి. పాఠం మాత్రం మారలేదు. కదిలేదాన్ని కదలనిస్తూనే నీళ్ళు ఆపాలి.

అమ్మ కుట్టిన సంచి

2015 మాఘంలో పని మొదలుపెట్టాం. గన్నుని చూసి అమ్మ, "ఇది మన జంతికల గొట్టమే కదే" అంది. నిజమే. గొట్టం, అందులో పిండి, పైనుంచి తోసే కాడ, కింద బిళ్ళ. అమ్మకి నచ్చనిది ఒక్కటే. "వాడేశాక ట్యూబు పారేస్తావా? ప్రతి పండక్కీ కొత్త గొట్టం కొనుక్కునేవాళ్ళని నేనెక్కడా చూళ్ళేదు."

గన్ను పారేయక్కర్లేదు, ఏళ్ళ తరబడి ఉంటుందని చెప్పాను. మూసి ఉండే గొట్టంతో వచ్చే గన్నులు కూడా ఉన్నాయి. వాటిలో పలచని రేకు పొట్లాల్లో వచ్చే సీలెంటు వేసుకోవచ్చు, ప్లాస్టిక్ ట్యూబు చెత్త తగ్గుతుంది. సిమెంటు ముద్ద నింపుకుని, పని అవగానే విప్పి కడుక్కునే రకాలూ ఉన్నాయి. అది విని అమ్మ పాత కేన్వాసు గుడ్డతో జిలేబీ సంచిలాంటి గరాటు కుట్టింది. చివర గుండీ రంధ్రంలా చుట్టూ కుట్టు వేసింది. మేస్త్రీ అందులో గ్రౌటు నింపి పైన మెలిపెట్టి నొక్కితే, టైల్స్ మధ్య సందులోకి సన్నటి ధార సరిగ్గా దిగింది. పని కాగానే సంచి నీళ్ళలో జాడించి ఆరేసింది. అది ఈనాటికీ మా ఇంట్లో ఉంది. జంతికల గొట్టాన్ని మాత్రం సిమెంటు దరిదాపులకి రానివ్వలేదు. మీరూ రానివ్వకండి.

ఈ పోలిక మా అమ్మకి ఒక్కదానికే తట్టలేదని తర్వాత చదివాను. కెనడాలో బ్రిటిష్ కొలంబియాలోని చిల్లివాక్ ఊరివాడు థియొడోర్ విట్టె, రొట్టెల దుకాణంలో కేకుమీద క్రీము పువ్వులు వేయడం చూసి, కిటికీలకి లప్పం వత్తే సాధనం ఊహించాడట. 1894లో అది రూపు కట్టింది. మన బరంపురంలో వి.వి. గిరిగారు పుట్టిన ఏడాది కూడా అదే. అక్కడ కేకు, ఇక్కడ జంతికలు. వంటింట్లోంచే వచ్చింది ఈ యంత్రం.

మీరు చేసుకునేటప్పుడు

హైదరాబాదులో ఉన్నా, హ్యూస్టన్‌లో ఉన్నా స్నానాలగది అందరికీ ఒకటే కనుక, నేను తప్పు చేసి నేర్చుకున్నవి రాస్తున్నాను.

చెమ్మ ఎక్కడిదో ముందు తెలుసుకోండి. గోడమీద జానెడు పాలిథిన్ కాగితం పరిచి, నాలుగు అంచులూ టేపుతో మూసి, ఒకటి రెండు రోజులు ఉంచండి. కాగితం వెనక తడి చేరితే అది గోడలోంచి వస్తోంది. పైన చేరితే గదిలోని గాలి చెమ్మ. అప్పుడు కావలసింది సీలెంటు కాదు, కిటికీ తెరవడం.

పాత ముద్దను పూర్తిగా గీకేయండి. కొత్తది పాతదానిమీద నిలవదు. దుమ్ము దులిపి, పూర్తిగా ఆరనివ్వండి. సందుకి రెండువైపులా కాగితపు టేపు అంటిస్తే అంచు తిన్నగా వస్తుంది. ట్యూబు ముక్కుని సందు వెడల్పుకి తగ్గట్టు ఏటవాలుగా కొయ్యండి. పెద్దగా కోస్తే మళ్ళీ చిన్నది చెయ్యలేరు. మీటని ఒకే బలంతో నొక్కుతూ, చెయ్యి ఆపకుండా జరపండి. ఆపగానే వెనకనున్న బిళ్ళ నొక్కి కడ్డీ వదులు చెయ్యాలి, లేకపోతే ముద్ద కారుతూనే ఉంటుంది. సబ్బునీళ్ళలో ముంచిన వేలితో ఒక్కసారి నిమిరి, తడి ఉండగానే టేపు తీసేయండి. ఒక రోజంతా నీళ్ళు తగలనివ్వకండి. మిగిలిన ట్యూబు ముక్కులో పొడుగాటి మేకు గుచ్చితే కొన్నాళ్ళు గట్టిపడకుండా ఉంటుంది.

సిలికాన్‌మీద రంగు నిలవదు. రంగు వేయాల్సిన చోట అక్రిలిక్ రకం వాడండి. సిమెంటు గ్రౌటు చేతుల్ని తినేస్తుంది, తొడుగులు వేసుకోండి. నింపిన కాసేపటికి, పూర్తిగా గట్టిపడకముందే, బాగా పిండిన స్పాంజితో టైల్స్ తుడవండి. నీళ్ళోడుతున్న స్పాంజి పెడితే గ్రౌటు కొట్టుకుపోతుంది.

గోడ ఇచ్చిన తీర్పు

2015 వర్షాకాలమంతా అమ్మ రోజూ పొద్దున్నే దేవుడి గది గోడమీద చెయ్యి వేసి చూసేది. శ్రావణమాసంలో తమ్ముడు వచ్చాడు. వాడూ చెయ్యి వేశాడు. దీపారాధన చేసే గోడ పొడిగా ఉంది. అడుగున జానెడు మేర మాత్రం తెల్లపొడి పూసింది. అది పోలేదు, పోదు కూడా. వాడు కాసేపు అలాగే నిలబడి, "చీపురెక్కడుందమ్మా?" అని అడిగి ఆ పొడి వాడే దులిపాడు. టిక్కెట్ల మాట మళ్ళీ ఎత్తలేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడా వాన కుంభవృష్టిగా కురిసింది. తెల్లవారి నేను ఆదుర్దాగా ఫోను చేశాను. "కిటికీ దగ్గర చుక్క కూడా లేదే" అంది అమ్మ. తర్వాత కొంచెం ఆగి, "మేస్త్రీ వాళ్ళింట్లో కారుతోందిట. పెద్దవాడైపోయాడు, నిచ్చెన ఎక్కలేడు. ఈసారి వచ్చేటప్పుడు ఆ గన్ను పట్టుకురా" అంది.

పట్టుకెళ్ళాను. సంచి అమ్మ దగ్గరే ఉంది, ట్యూబు నేను కొన్నాను. ఎక్కడ ఎంత నొక్కాలో మేస్త్రీగారు కుర్చీలో కూర్చుని చెబుతుంటే, ఈసారి తొందరపడకుండా, ఆరిన గోడమీదే చేశాను.