బూట్ల లెక్కలో పేదరికం: టెర్రీ ప్రాచెట్ ఫాంటసీ వెనుక విలేకరి

నెలకు 38 డాలర్ల జీతం. మంచి తోలు బూట్లు 50 డాలర్లు. అంత సొమ్ము ఒక్కసారిగా చేతిలో ఉండదు కాబట్టి 10 డాలర్ల నాసిరకం జత కొనాల్సిందే. ఒకటి రెండు సీజన్లకే దాని అడుగు అరిగిపోతుంది, మళ్లీ ఇంకో జత. ఉన్నవాడు కొన్న జత మాత్రం ఏళ్ల తరబడి నిలుస్తుంది. పదేళ్లు తిరిగేసరికి లేనివాడికి బూట్ల ఖర్చే 100 డాలర్లు అవుతుంది. అయినా కాళ్లు తడుస్తూనే ఉంటాయి.

ఇది ఆర్థికశాస్త్ర పాఠం కాదు. బ్రిటిష్ రచయిత టెర్రీ ప్రాచెట్ 1993 నాటి నవల ‘మెన్ ఎట్ ఆర్మ్స్’లో శామ్ వైమ్స్ అనే పోలీసు అధికారి వేసుకున్న లెక్క. ఆ నవల నడిచే లోకం ‘డిస్క్‌వరల్డ్’ పళ్లెంలా బల్లపరుపుగా ఉంటుంది. దాన్ని నాలుగు ఏనుగులు మోస్తాయి, వాటిని ఒక మహా తాబేలు మోస్తుంది. కూర్మావతారం, దిగ్గజాల కథలు విని పెరిగినవారికి ఈ బొమ్మ కొత్తేమీ కాదు.

ఈ బూట్ల లెక్క పుస్తకంలోనే ఉండిపోలేదు. పేదలు కొనే చౌక సరుకుల ధరలు ఎంత పెరిగాయో అధికారిక ద్రవ్యోల్బణ అంకెల్లో కనిపించడం లేదని 2022 జనవరిలో జాక్ మన్రో అనే ఆహార రచయిత వాదించారు. తాము తలపెట్టిన ధరల సూచీకి వైమ్స్ బూట్ల పేరే పెట్టుకున్నారు. ప్రాచెట్ వారసులు అందుకు అనుమతించారు. కొన్ని నెలలకు బ్రిటన్ జాతీయ గణాంకాల సంస్థ 30 రకాల చౌక సరుకుల ధరలు విడిగా లెక్కగట్టింది. మొత్తం మీద పెరుగుదల సాధారణ ఆహార ద్రవ్యోల్బణానికి దగ్గరగానే తేలింది. కానీ పాస్తా ఒక్కటే ఏడాదిలో 50 శాతం పెరిగింది. సగటు అంకె చెప్పనిది అదే.

ఇంద్రజాలం రాసే మనిషికి ఈ చూపు ఎక్కడిది? 1948లో బీకన్స్‌ఫీల్డ్‌లో ఒక మెకానిక్ ఇంట ఏకైక సంతానంగా పుట్టిన ప్రాచెట్ యూనివర్సిటీ మెట్లెక్కలేదు. 17 ఏళ్లకే బడి మానేసి ‘బక్స్ ఫ్రీ ప్రెస్’ అనే స్థానిక పత్రికలో చేరారు. తర్వాత విద్యుత్ బోర్డులో ప్రెస్ ఆఫీసర్ అయ్యారు. అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్ అణు ప్రమాదం జరిగిన కొద్దికాలానికే, అణు కేంద్రాల తరఫున విలేకరులకు జవాబు చెప్పుకోవాల్సిన ఉద్యోగం! డిస్క్‌వరల్డ్ తొలి నవల ‘ద కలర్ ఆఫ్ మ్యాజిక్’ 1983లో వచ్చినా ఉద్యోగం వదిలింది 1987లోనే. ఈ వరుసలో మొత్తం 41 నవలలు వచ్చాయి.

వాటిలో మంత్రగాళ్లు ఉన్నారు, నిజమే. కానీ మధ్యకాలం నుంచి ఆయన మనసంతా పోలీస్ స్టేషన్, పత్రికాఫీసు, తపాలా, బ్యాంకు మీదే. నగరాన్ని నడిపే యంత్రాంగం ఎలా పనిచేస్తుంది, ఎవరి చేతుల్లో పాడవుతుంది అన్నదే ప్రశ్న. నవ్విస్తూ అడిగారు కాబట్టి చాలామంది దాన్ని వట్టి వినోదం అనుకున్నారు.

2007 డిసెంబరులో తనకు అల్జీమర్స్‌లో అరుదైన రకం సోకిందని ఆయనే ప్రకటించారు. అది మెదడు వెనుక భాగాన్ని దెబ్బతీస్తుంది. కళ్లు బాగానే ఉంటాయి, చూసినదేమిటో మెదడుకు అందదు. టైప్ చేయడం కష్టమైంది. సహాయకుడు రాబ్ విల్కిన్స్‌కు, కంప్యూటర్‌కు చెప్పి రాయించారు. పరిశోధనకు సుమారు 5 లక్షల పౌండ్లు ఇచ్చారు. 2011లో ప్రసారమైన బీబీసీ డాక్యుమెంటరీ కోసం స్విట్జర్లాండ్ వెళ్లి, వైద్య సాయంతో ప్రాణం విడిచిన ఒక రోగి పక్కన కూర్చున్నారు. అలాంటి సాయం తన దేశంలో నేరంగా ఉండటాన్ని ఆయన తప్పుపట్టారు. తాను మాత్రం ఆ దారిలో పోలేదు. 2015 మార్చి 12న, 66వ ఏట ఇంట్లోనే సహజంగా కన్నుమూశారు.

అసంపూర్తి రచనలున్న హార్డ్ డ్రైవ్‌ను రోడ్డు రోలర్‌తో తొక్కించాలన్నది ఆయన కోరిక. 2017 ఆగస్టులో డోర్సెట్‌లోని ఆవిరి యంత్రాల ప్రదర్శనలో, ‘లార్డ్ జెరికో’ అనే పాతకాలపు రోలర్‌తో విల్కిన్స్ ఆ పని చేయించారు. డ్రైవ్ ఒక పట్టాన చావలేదు. చివరికి రాళ్లు పిండి చేసే క్రషర్‌లో వేయాల్సి వచ్చింది.